ఇంట్లో పట్టించుకుంటున్నారా?

“ఎడమ పక్కకి తిరగండమ్మా, తొందరేం లేదు, ముందు మోకాళ్ళు, ఆ తర్వాత భుజం” అంటోంది మసాజ్ చేసే ఆవిడ, మా ఆవిడ తిరుగుతోంది, ఎనిమిదో నెల మనిషి బల్ల మీద పక్కకి తిరగడమంటే ఇరుకు సందులో లారీ తిరగడమే, కాస్త వెనక్కి, కాస్త ముందుకి, మళ్ళీ వెనక్కి, స్టూలు మీద కూర్చున్న నా కుడికాలు నాకు చెప్పకుండానే నేలని నొక్కుతోంది. డ్రైవింగ్ స్కూలు నడిపేవాడి కాలు అది. పక్క సీట్లో కూర్చుని నేర్చుకునేవాళ్ళ తప్పులకి బ్రేకు వేసి వేసి, బ్రేకు లేని చోట కూడా తొక్కుతూనే ఉంటుంది, పెళ్ళిపందిట్లో, బ్యాంకు వరసలో, ఇప్పుడిక్కడ. మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద ఒక చిన్న దిండు, వీపు వెనక చుట్టిన దుప్పటి, ఇన్ని ఆసరాల మధ్య మా ఆవిడని పింగాణీ సామాను సర్దినట్టు సర్దింది. వెల్లకిలా పడుకోబెట్టదట, ఈ నెలల్లో అలా పడుకుంటే లోపలి బరువంతా వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడుతుందట. బోర్లా ఎలాగూ కుదరదు. మంచి మనిషిలాగే ఉంది, పొట్టి మనిషి, పెద్ద అరచేతులు, అర్ధనారీశ్వరుడంటే విన్నాం గానీ ఈవిడ మర్దనారీశ్వరి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఈ గంటసేపు నోరు తెరవనని మెట్ల దగ్గర మాటిచ్చాను.

మెట్ల దగ్గర ఆగిపోయింది మా ఆవిడ, రెయిలింగ్ పట్టుకుని, ఆయాసంతో కాదు. “ఏమండీ, ఒక్క గంట. ఈ గంటసేపు నేను మామూలుగా కడుపుతో ఉన్న మనిషిని. అందరిలాంటి దాన్ని. లోపల ఆవిడకి ఏమీ చెప్పకండి. మొహంతో కూడా చెప్పకండి.” “మొహంతో ఎలా చెబుతానోయ్?” “మీ మొహానికి మైకుంది.” నిజమే, నాది మైకు మొహం, గొంతు సంగతి సరే సరి, స్కూలు మైదానంలో నేను “క్లచ్!” అంటే పక్క వీధిలో వెళ్ళేవాడు కాలు తీస్తాడు. అందుకని మైకు ఆపేసుకుని కూర్చున్నాను. ఎందుకంటే మా ఆవిడ మామూలుగా కడుపుతో ఉన్న మనిషి కాదు. లోపలున్న పాప లోపల ఉన్నంత కాలం క్షేమం. బయటికి వచ్చాక ఉండదు. గంటలు, అదృష్టం బాగుంటే ఒక పూట. అదృష్టం అనే మాటని ఇలా కూడా వాడొచ్చని నాకు ఈ మధ్యే తెలిసింది.

“డాక్టరుగారు సరేనన్నారా?” అని అడిగింది ఆవిడ అరచేతుల్లో నూనె వెచ్చబెట్టుకుంటూ, ఏ వాసనా లేని నూనె, వాసనకి కూడా వికారం వచ్చేవాళ్ళుంటారని. “అన్నారండీ.” అన్నారు, అన్నీ తెలిసిన డాక్టరమ్మే అన్నారు, ‘హాయిగా చేయించుకోండి, గర్భిణులకి చేయడం వచ్చిన మనిషి దగ్గరికి వెళ్ళండి, నడుముకీ మంచిది, మీకు నిద్రా పడుతుంది’ అని. “బీపీ?” “మామూలే.” “రక్తం కనపడటం, నొప్పులు రావడం, కళ్ళు మసకబారడం లాంటివి?” “లేవు.” “కాళ్ళు రెండూ సమానంగా వాచాయి కదా? ఒక్క కాలే వాచినా, పిక్క వేడిగా ఎర్రగా ఉండి ముట్టుకుంటే నొప్పెట్టినా ముందే చెప్పేయండి, నేను చెయ్యి వెయ్యను, సరాసరి డాక్టరు దగ్గరికే పంపిస్తాను.” “రెండూ ఒక్కలాగే వాచాయండీ, పక్షపాతం లేకుండా.” వాపు చూసి బలుపనుకోకు అంటారు గానీ, ఆ పాదాలు చూస్తే పాపం బలుపనుకునే ధైర్యం ఎవరికీ రాదు. “స్కానింగ్‌లో అంతా బాగుందా?” “బాగుంది” అంది మా ఆవిడ. లెక్కల టీచరు, పిల్లవాడు ఆరున్నరకి ఏడు వేసుకున్నా ఒప్పుకోని మనిషి, కళ్ళు మూసుకుని ఎంత చక్కగా అబద్ధమాడిందో. నేను గోడ మీద గడియారం వైపు చూశాను, మొహం అటు తిప్పితే మైకు కూడా అటే తిరుగుతుందని.

మెడ దగ్గర మొదలుపెట్టింది ఆవిడ, బొటనవేళ్ళు వెన్నుకి అటూ ఇటూ దిగుతున్నాయి, ఎముక మీద కాదు, ఎముక పక్కన, దారి మధ్యలో కాకుండా వారగా నడిచే మనిషిలాగా. ఒత్తుతుంటే ఒత్తిడి తగ్గుతుందట, ఒత్తితే తగ్గేదానికి ఒత్తిడి అని పేరు పెట్టిన భాష మనది, పట్టేసిన నడుముకి పట్టడమే మందు అన్న భాష, ఇంత సరదా భాషలో పుట్టి నేను మాటలతో ఆడుకోకుండా ఎలా ఉంటాను, కడుపుబ్బా నవ్విస్తాడని నాకు పేరు, ఇప్పుడు కడుపు ఉబ్బింది, నవ్వొక్కటే లేదు. ఆ రోజు స్కానింగ్ గదిలో కూడా ఇలాగే కూర్చున్నాను, ఇంతకన్నా చిన్న స్టూలు. డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి నీళ్ళు లేవమ్మా అంది, పాప చుట్టూ ఉండాల్సిన ఉమ్మనీరు దాదాపు లేదు. నీళ్ళోసుకున్న మనిషిలో నీళ్ళు లేకపోవడమేంటి అని నాలో ఎవడో అన్నాడు, నేను కాదు, నేనే. ఎందుకు లేవంటే, పాపకి మూత్రపిండాలు ఏర్పడలేదు. పిండానికి పిండాలు లేవా అన్నాడు వాడు వెంటనే. మాట దొరికితే చాలు వాడికి, ఎక్కడున్నామో చూసుకోడు, ఆ మాటకి మూడో అర్థం కూడా ఉంది, అది కూడా వాడి నోటి దాకా వచ్చింది, దాన్ని మాత్రం గడపలోనే ఆపేశాను, అప్పటినుంచి అది గడపలోనే నిలబడి ఉంది, వెళ్ళదు, లోపలికి రాదు. నీళ్ళు లేకపోతే ఊపిరితిత్తులు కూడా పెరగవట, లోపల ఉన్నన్నాళ్ళు ఊపిరితో పనిలేదు, మా ఆవిడే ఆ పనంతా చేసి పెడుతుంది. అందుకే లోపల క్షేమం. డాక్టరమ్మ కాళ్ళు పట్టుకుందామా అనుకున్నాను. ఆవిడ అప్పటికే చేతులెత్తేసింది. “ఇప్పుడే తీయించేసుకోవడమా, ఉంచుకోవడమా, మీ ఇష్టం, రెండూ తప్పు కాదు” అంది. మా ఆవిడ నావైపు చూడలేదు. “ఉన్నన్నాళ్ళు ఉండనివ్వండి” అంది, ఇంటికొచ్చిన చుట్టం గురించి చెప్పినట్టు.

“భుజాలు రాయిలాగా ఉన్నాయమ్మా, బరువులెత్తుతున్నారా?” “నోటు పుస్తకాలండీ.” “ఈ నెలల్లో అవి మీ ఆయన ఎత్తాలి.” “ఆయన ఎత్తితే దారిలో నాలుగు జోకులు వేసి రెండు కింద పడేస్తారు.” ఇద్దరూ నవ్వారు, మా ఆవిడ నవ్వింది, ఈ గదిలో ఎవరి కడుపులో ఏముందో తెలియని ఒకే ఒక్క మనిషితో కలిసి ఎంత తేలిగ్గా నవ్విందో, ఇంట్లో మేమిద్దరం నవ్వాల్సి వస్తే ముందు ఒకరి మొహం ఒకరు చూసుకుని అనుమతి తీసుకుంటున్నాం. మా అక్క మొన్న ఫోన్లో ఎగిరి పడింది, “ఒరేయ్, కడుపుతో ఉన్నదానికి ఒళ్ళు పట్టించడమేంట్రా, మతుండే మాట్లాడుతున్నావా, ఎక్కడ నొక్కితే ఏమవుతుందో!” ఫోను స్పీకర్లో ఉంది, నా ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది, ఉల్లిపాయలు తరుగుతున్న మా ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది, “ఏమవుతుంది వదినా?” అటువైపు మా అక్క, పుట్టి బుద్ధెరిగి మాటకి మాట బాకీ పెట్టని మా అక్క, మొదటిసారి బాకీ పడింది. తనకి అన్నీ తెలుసు. తెలిసీ అలవాటు కొద్దీ అనేసింది, పాపకి ఏమైనా అవుతుందేమోనన్న భయం కూడా ఒక అలవాటే కదా, ఎంత మంచి అలవాటు, ఎంత ఖరీదైన అలవాటు, అది పోయాక గానీ తెలియదు. తర్వాత మా అక్క ఏడుస్తున్నట్టు వినపడింది. “ఉల్లిపాయలు నేను తరుగుతుంటే నువ్వు ఏడుస్తావేంటి వదినా” అంది మా ఆవిడ.

“మీరు గొప్పవారండీ” అంటోంది ఎవరితోనో మర్దనారీశ్వరి, నాతోనే, ఉలిక్కిపడ్డాను. “ఈ స్టూలు మీద కూర్చునే భర్తలందరూ చెప్పులు విప్పకముందే అడుగుతారు, పాపకి ఏం కాదు కదా, పాపకి ఏం కాదు కదా అని. మీరొక్కరే అడగలేదు.” “అడగాలా?” అన్నాను. నా గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, స్కూల్లో ఎవడైనా వింటే నా స్కూలు మూయించేవాడు. “అడగక్కర్లేదు. ఏం కాదు. పొట్ట నేను నొక్కనే నొక్కను, ఊరికే చెయ్యి ఆనిస్తానంతే, కాళ్ళ మీద కూడా గట్టిగా పట్టను. అమ్మ ఒళ్ళు సడలితే పాపకీ హాయే.” మా ఆవిడ కనురెప్పలు మూసే ఉన్నాయి గానీ మూసిన రెప్పల వెనక కళ్ళు నావైపు తిరిగాయి, నాకు తెలుసు. మొహం గడియారానికి అప్పజెప్పి “అయితే సరే” అన్నాను. పాపకీ హాయే. ఆ మాటని నేను ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, చేతిలో వేడి గ్లాసు పెట్టినట్టుంది, దించడానికి చోటు లేదు.

ఇప్పుడు నడుము. నడుము దగ్గర ఆవిడ మడమ లాంటి అరచేతి అడుగుభాగంతో మెల్లగా గుండ్రంగా తిప్పుతోంది, నూనె చప్పుడు, పైన ఫ్యాను చప్పుడు, కింద వీధిలో ఎవడో స్కూటరు స్టార్టు కాక తన్నుతున్నాడు, ప్లగ్గులో కార్బన్ పట్టి ఉంటుంది. “ఇక్కడ బాగా పట్టేసిందమ్మా” అంది ఆవిడ. తర్వాత, మామూలుగా, నూనె సీసా అందుకుంటూ, “ఇంట్లో పట్టించుకుంటున్నారా?” అని అడిగింది.

మా ఆవిడ భుజం కదిలింది. మళ్ళీ కదిలింది. మొదట నవ్వుతోందనుకున్నాను, మాట తమాషాగానే ఉంది మరి, తర్వాత దిండు మీద తడి చూశాను. ఆవిడ కంగారుపడి చేతులు తీసేసింది, “నొప్పెట్టిందా అమ్మా? గట్టిగా పట్టానా?” నేను లేచాను, స్టూలు పడిపోయింది, మాటివ్వడం గీటివ్వడం గాలికెగిరింది, “అది కాదండీ, మీరడిగింది ఇంట్లో ఎవరితోనైనా నడుం పట్టించుకుంటున్నారా అని, అంటే నూనె రాసి, ఈవిడకి వినపడింది ఇంట్లో నిన్ను ఎవరైనా పట్టించుకుంటున్నారా అని, అంటే బాగోగులు, మాట ఒకటే, అర్థాలు రెండు, తప్పు మీది కాదు, భాషది” అని గడగడా, ఆ చిన్న గదిలో, మైదానం గొంతుతో. గది అంతా నేనే ఉన్నాను. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది, ముక్కు ఎగబీల్చింది. “పట్టించుకుంటారండీ” అంది ఆవిడతో, “మందులు, పాలు, పళ్ళు, అన్నీ చూస్తారు. పట్టించుకుంటారు. పట్టుకోరు.”

పెళ్ళైనప్పటినుంచి నా మాటలకి ‘అబ్బా, ఆపండి’ అంటూ వచ్చిన మనిషి, ఒక్క మాటతో నన్ను చిత్తు చేసి పడేసింది. ఎందుకంటే నిజం. స్కానింగ్‌కి ముందు రోజూ పొద్దున్న స్కూలుకి వెళ్ళేముందు ఆ పొట్ట మీద చెయ్యి వేసి ‘ఏంరా ఎల్‌బోర్డూ, ఇవాళ ఏ గేరులో ఉన్నావు’ అని అడిగేవాణ్ణి. ఎల్‌బోర్డు, నేర్చుకునేవాళ్ళ బండికి తగిలించేది, అంతకన్నా ముద్దు పేరు నాకెక్కడ దొరుకుతుంది. డాక్టరమ్మ చెప్పిన తర్వాత ఒకరోజు అలవాటుగా వంగాను, ‘ఎల్’ దగ్గరే ఆగిపోయాను. ఎల్లు అంటే వెళ్ళు అని కూడా కదా. ఇన్నాళ్ళూ బిడ్డని పొద్దున్నే వెళ్ళు వెళ్ళు అని పిలిచానా? చెయ్యి అక్కడే గాల్లో ఆగింది, పొట్టకి జానెడు దూరంలో, అప్పటినుంచి ఆ జానెడు దాటలేదు. దాటితే లోపలినుంచి ఒక చిన్న తోపు తగులుతుంది, నీళ్ళు లేవు కాబట్టి కదిలితే సూటిగా తగులుతుందట, తగిలితే పరిచయం అయిపోతుంది, పరిచయం అయిన మనిషిని ఎలా పంపిస్తారు? మా ఆవిడకి ఆ సౌకర్యం లేదు. ఆవిడకి రోజంతా పరిచయమే. క్లాసులో బోర్డు మీద లెక్క చేస్తూ ఒక్కసారి ఆగుతుందట, పిల్లలు ‘ఏంటి టీచర్’ అంటే ‘ఏం లేదు, ఒకటి ఎక్కువ వేశాను’ అంటుందట.

మా ఆవిడ నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చిన రోజుల్లో, పెళ్ళికి ముందు సంగతి, ఒక మలుపులో బండి దానంతటదే నెమ్మదించింది. అందరూ తామే నెమ్మదిగా పోనిచ్చామనుకుని మురిసిపోతారు. ఈవిడ ఒక్కతే బండి పక్కకి తీసి ఆపి, “ఇప్పుడు బ్రేకు నేను వేశానా, మీరు వేశారా?” అని అడిగింది. నేనే అన్నాను. “నా వైపు వచ్చేదాన్ని నన్ను చూడనివ్వండి. మీ కాలు తియ్యండి.” తీశాను. అంత భయం నాకు మళ్ళీ స్కానింగ్ గదిలోనే వేసింది.

ఇక పాదాలు. ఆవిడ కాళ్ళ దగ్గరికి జరిగింది, వేళ్ళ వైపునుంచి పైకి, పాదం నుంచి మోకాలి వైపుకి, తేలిగ్గా, వాపుకి దారి చూపిస్తున్నట్టు. కాళ్ళు పట్టుకుంటే పనులవుతాయంటారు, కాళ్ళు పడితే నిద్రపడుతుందట, మా ఆవిడ మొహంలో ఏదో వదులవుతోంది, దవడ దగ్గర, ఎన్ని వారాలైందో ఆ దవడ అలా వదులై, రోజూ తెల్లవారేసరికి మంచం అంచున కూర్చుని కనపడే మనిషి. మర్దనారీశ్వరి ఆ ఏడుపుని మామూలు ఏడుపనే అనుకుంది, ఈ నెలల్లో అందరూ ఏడుస్తారమ్మా అంది. కబుర్లు మళ్ళీ మొదలుపెట్టింది. “ప్రసవమయ్యాక కూడా రండి. పాపకి మసాజ్ నేర్పిస్తాను, మీకూ, సారుకీ. చక్కగా నిద్రపోతారు పిల్లలు.”

“పుట్టిన ఎంతసేపటికి చెయ్యొచ్చండీ?” అంది మా ఆవిడ.

“ఎంతసేపటికేంటమ్మా!” నవ్వింది ఆవిడ. “కొన్ని వారాలు పోనివ్వండి. ముందు బొడ్డు ఊడాలి, చర్మం కాస్త గట్టిపడాలి.”

“వారాలుండదండీ మా పాప.”

నేను గడియారం వైపు చూడలేదు ఈసారి. ఆవిడ చేతులు మా ఆవిడ పాదం మీద అలాగే ఉండిపోయాయి, తీయలేదు, కదల్లేదు. మా ఆవిడే చెప్పింది, కళ్ళు మూసుకునే, రెండే వాక్యాల్లో, లెక్క తేల్చినట్టు. పొద్దున్నుంచీ దాచాలనుకున్న గంట ఇంకా పూర్తి కాలేదు, తనే ఖర్చుపెట్టేసింది, ఒక ప్రశ్నకి జవాబు కోసం. “ఒక పూట ఉంటే ఎక్కువట. ఆ పూటలో ఏం చెయ్యొచ్చో చెప్పండి. నాకు ఆపరేషనయితే నేను లేవలేను. అప్పుడు ఈయనే ఎత్తుకోవాలి. ఈయనకి నేర్పించండి.”

ఆవిడ అయ్యో అనలేదు, దేవుడా అనలేదు. మోచేత్తో కళ్ళు ఒత్తుకుంది, చేతులకి నూనె ఉంది కదా. మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వచ్చింది. “ఇలా రండి సార్” అంది. “అప్పుడే పుట్టిన పిల్లలకి రుద్దడం ఉండదు. నూనె వద్దు, ఒత్తడం వద్దు. ఆనించడమే. ఒక చెయ్యి తల మీద, ఒక చెయ్యి పాదాల కింద. అంతే. కదిలించకూడదు, నిమరను కూడా వద్దు. చెయ్యి అక్కడ ఉందని తెలియాలి, అంతే. లోపలున్నప్పుడు అన్ని వైపులా అమ్మ తగులుతూ ఉంటుంది కదా, బయటికి రాగానే ఏదీ తగలదు, దానికే భయపడతారు పిల్లలు.” నా చేతులు చాపమంది. చూసి, “చల్లగా ఉన్నాయి, రుద్దుకోండి” అంది. రుద్దుకున్నాను. స్టీరింగ్ పట్టి కాయలు కాసిన చేతులు, రాసుకుంటుంటే ఇసక చప్పుడు. “తల ఎటుందో తెలుసా?” అని అడిగింది నన్ను. తెలియదు. ఎనిమిది నెలల నా బిడ్డ తల ఎటుందో నాకు తెలియదు.

“ఇటు” అంది మా ఆవిడ, నా మణికట్టు పట్టుకుని, కుడిచేతిని పైన, పక్కటెముకల కింద పెట్టింది. “కాళ్ళు ఇక్కడ.” ఎడమచెయ్యి కింద, తుంటి దగ్గర. జానెడు దూరం ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. పలచటి గుడ్డ, దాని కింద వెచ్చటి చర్మం. నేను నొక్కుతున్నానేమోనని భయమేసింది, తేలిపోతున్నానేమోనని ఇంకా భయమేసింది. “ఇంత బరువు చాలా?” అన్నాను. “చాలు సార్.” “ఎంతసేపు?” “పాపకి ఓపికున్నంతసేపు.” నా నాలుక మీద ఒక్క మాట కూడా లేదు, ఒక మాటకి ఒకటే అర్థం ఉన్న చోటికి వచ్చేశాను, ఇక్కడ చెయ్యి అంటే చెయ్యే. కుడి అరచేతి కింద గుండ్రంగా, గట్టిగా, పెద్ద బత్తాయి పండంత ఏదో ఉంది. అది మెల్లగా ఒరిగింది నావైపు.

“తగిలిందోయ్” అన్నాను. “ఏమోయ్, నేను పట్టుకుంటోంది సరిగ్గానే ఉందా?” తల వంచి చూశాను. నోరు కొద్దిగా తెరుచుకుంది, దిండు మీద బుగ్గ నొక్కుకుపోయి, మా ఆవిడ నిద్రపోతోంది. ఊపిరి లోతుగా వస్తోంది, ఆ ఊపిరితో పాటు నా రెండు చేతులూ పైకీ కిందకీ. గంట అయిపోయింది, బయట తర్వాతి మనిషి చెప్పులు విప్పిన చప్పుడైంది. మసాజ్ చేసే ఆవిడ మునివేళ్ళ మీద వెళ్ళి తలుపు సందులోంచి ఎవరితోనో “కాసేపు కూర్చోండమ్మా, లోపల పాప ఉంది” అని గుసగుసగా చెప్పి, చప్పుడు కాకుండా తలుపు వేసింది. స్టూలు అల్లంత దూరంలో పడి ఉంది. వంగిన నడుము పట్టేస్తోంది నాకు. చేతులు తీస్తే ఇద్దరూ లేస్తారు.